సూది మారడం తప్పు కాదు, చెప్పకుండా మార్చడమే తప్పు



కరోనా పోయి ఇన్నేళ్లయినా మన గూడేల్లో ఒక మాట ఇంకా తిరుగుతూనే ఉంది. "ముందు రెండు సూదులు ఒక కంపెనీవి వేశారు, మూడోది ఇంకో కంపెనీది వేశారు, మన మీద ప్రయోగం చేశారు" అని. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే చదువుకున్నోళ్లు ఒకవైపు. నిజమే అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఇంకోవైపు. మేం ఈ రెండూ ఒప్పుకోం. సైన్స్ ఏం చెప్పింది అనేది ఒక ప్రశ్న, మనతో ఎలా నడుచుకున్నారు అనేది ఇంకో ప్రశ్న. రెండిటినీ కలిపేస్తే మనకే నష్టం.

ముందు సైన్స్ సంగతి. 2022 జనవరి 10న ప్రికాషన్ డోసు మొదలైనప్పుడు మొదటి రెండు డోసులు ఏ టీకానో మూడోది కూడా అదే వేయాలన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఆ రూలు మారింది. కోవిషీల్డ్ గానీ కోవాగ్జిన్ గానీ రెండు డోసులు వేసుకుని ఆరు నెలలు దాటిన 18 ఏళ్లు నిండినవాళ్లు మూడో డోసుగా కోర్బెవాక్స్ తీసుకోవచ్చన్నారు. మన దేశంలో వేరే రకం టీకాని బూస్టర్‌గా అనుమతించడం అదే మొదలు. అది హైదరాబాద్‌లోని బయలాజికల్-ఇ కంపెనీ తయారుచేసిందే.

ఈ మూడూ మూడు రకాలు. కోవాగ్జిన్‌లో చంపేసిన కరోనా వైరస్ మొత్తం ఉంటుంది. కోవిషీల్డ్‌లో ఒంట్లో పెరగలేకుండా మార్చిన ఇంకో వైరస్, కరోనా ముల్లు ఎలా ఉంటుందో ఆ సమాచారాన్ని మోసుకొస్తుంది. కోర్బెవాక్స్‌లో వైరస్సే ఉండదు, ఆ ముల్లులోని ఒక ముక్క ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. దారులు వేరైనా మూడూ మన ఒంటికి చూపించేది ఒకే శత్రువుని. చేను మీద పడే అడవి పందిని ఒకడు అడుగు చూసి పసిగడతాడు, ఇంకొకడు చప్పుడు విని పసిగడతాడు. ఇద్దరూ కాపలా ఉంటే చేనుకి మంచిదే కదా. పైగా కోవిషీల్డ్ లాంటి టీకా పదేపదే వేస్తే, మోసుకొచ్చే వైరస్‌నే ఒళ్లు అడ్డుకోవడం నేర్చుకునే అవకాశం ఉంది. వేరే రకం వేస్తే ఆ ఇబ్బంది రాదు.

ఇది కొత్త పద్ధతి కూడా కాదు. మన అంగన్‌వాడీల్లో పసిపిల్లలకి పోలియో చుక్కలూ వేస్తారు, పోలియో సూదీ వేస్తారు. చుక్కల్లో బలహీనం చేసిన వైరస్ ఉంటుంది, సూదిలో చంపేసిన వైరస్ ఉంటుంది. ఏళ్ల తరబడి మన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ రెండూ కలిపే ఇస్తున్నారు.

అలాగని ఏదిబడితే అది కలిపేయొచ్చని కాదు. పరీక్షించి, అనుమతి ఇచ్చిన జతలే వేయాలి.

ఇక రెండో ప్రశ్న. 2021 మే నెలలో ఉత్తరప్రదేశ్ సిద్ధార్థనగర్ జిల్లా ఔదాహీ కలాన్ గ్రామంలో 20 మందికి మొదటి డోసు కోవిషీల్డ్ వేసి, రెండో డోసు పొరపాటున కోవాగ్జిన్ వేశారు. అప్పటికి అలా కలపడానికి అనుమతి లేదు. తర్వాత సంగతి తెలిసి ఊరంతా భయపడ్డారు. వాళ్లలో 18 మందిని ఐసీఎంఆర్ పరిశీలిస్తే ప్రమాదం ఏమీ కనిపించలేదు, రోగనిరోధక స్పందన బాగానే ఉంది. 18 మంది చాలా తక్కువ సంఖ్యే, అయినా ఆ ఫలితం మంచిదే. కానీ ఫలితం మంచిదైనంత మాత్రాన చెప్పకుండా వేయడం మంచిదైపోతుందా? మందు మంచిది కావడం వాళ్ల అదృష్టం. చెప్పడం వాళ్ల హక్కు.

మన ఖమ్మం జిల్లా సంగతి మనం మర్చిపోలేం. 2009లో భద్రాచలం ప్రాంతంతో సహా ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకి హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే మన చెల్లెళ్లు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అమ్మాయిల మరణాలకి టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. ఆ టీకా కూడా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే మంచి టీకానే. కానీ అనుమతి పత్రాలు తిరగేస్తే 9,543లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు! గూడెంలో ఉన్న అమ్మానాన్నలకి కబురే లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. మన పెద్దోళ్ల అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. అది అజ్ఞానం కాదు, జ్ఞాపకం.

"ఇవన్నీ విడమర్చి చెబితే మీవాళ్లు భయపడి అడవిలోకి పారిపోతారు, టీకా ఎవరు వేసుకుంటారు?" అని కొందరు సిబ్బంది అంటారు. కొండలెక్కి, వాగులు దాటి వచ్చే ఏఎన్ఎం అక్కల కష్టం మాకు తెలుసు. కానీ దాచిపెట్టి వేసిన సూది ఒకరోజు పని మాత్రమే చేస్తుంది. తర్వాత బయటపడితే, ఆ ఊరు పదేళ్లు ఏ సూదినీ నమ్మదు. మూడో డోసు వేరే కంపెనీది అని ముందే చెప్పి, ఎందుకో రెండు మాటలు కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో చెబితే మనవాళ్లకి అర్థం కాకపోవడం ఉండదు.

అందుకే మనం అడగాల్సింది టీకా వద్దని కాదు. ఏ టీకా, ఏ తేదీన వేశారో కార్డు మీద తెలుగులో రాసివ్వాలి. ఫోన్ లేనోళ్లకి సెల్‌లో సర్టిఫికెట్ ఉందంటే ఏం లాభం? రకం మారుస్తుంటే ముందే తల్లి భాషలో చెప్పాలి. హాస్టల్ పిల్లలకి వార్డెన్ సంతకం చాలదు, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. సూది వేశాక జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో కూడా చెప్పాలి.

మన వంతు పనీ ఉంది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల, తాతల, పిల్లల టీకా కార్డులు ఫోటో తీసి పెట్టుకుందాం. కార్డు పోయినోళ్లకి గుర్తున్నంత వరకు ఒక నోటుబుక్కులో రాసిపెడదాం. మళ్లీ ఏదైనా జబ్బు వస్తే, మూడో డోసు ఏది వేయాలో తేల్చడానికి మొదటి రెండూ ఏవో తెలియాలి కదా. వాట్సాప్‌లో వచ్చిన భయాన్ని పక్కోళ్లకి పంపేముందు మన పీహెచ్‌సీలో ఒక్కసారి అడుగుదాం.

టీకా వేసుకుందాం. తెలిసి వేసుకుందాం.

జై ఆదివాసీ.