‘వచ్చు’ క్రియ రాకపోకలు



పాశ్చాత్యులు మన తెలుఁగును ప్రాగ్దేశపు ఇటాలియను భాష యని మెచ్చుదురన్న మాట మనము తఱచుగా వినుచున్నదే. మన పదములును వారి పదములును అచ్చులతో ముగిసి చెవికి ఇంపుగా నుండుటయే ఈ పోలికకు మూలము. కాని చెవికింపైనంత మాత్రమున భాష సులభమని తలఁపరాదు. భాష లోఁతు దాని క్రియలలో దిగినఁగాని తెలియదు. అందును నిత్యము నోట నాడు చిన్న క్రియలే మిక్కిలి వంకరగా నుండును. ఏఁడాదికొకమాఱు పలుకు మాట సూత్రమునకు లొంగియుండును; దినమునకు నూఱుమాఱులు పలుకు మాట అరిగి యరిగి తన రూపమును తానే నిలుపుకొనును.

ఇటలీవారి ‘వెనీరె’ అను క్రియను చూడుఁడు. దాని కర్థము వచ్చుట. ‘నేను వచ్చుచున్నాను’ అనుటకు ‘వెంగొ’, ‘నీవు వచ్చుచున్నావు’ అనుటకు ‘వియేని’, ‘మేము వచ్చుచున్నాము’ అనుటకు ‘వెనియామొ’ అందురు. గడచినదానికి ‘వెన్ని’, రాఁబోవుదానికి ‘వెర్రో’. ‘ఏదేని జరిగినచో నేను వత్తును’ అను భావమునకు ‘వెర్రెయి’. ‘వచ్చుఁగాక’ అని కోరునపుడు ‘వెంగ’. ఒక్క ధాతువే కాలమునకొక వేషము, భావమునకొక వేషము ధరించుచుండఁగా ఆ భాష నేర్చువారు కంటఁ దడి పెట్టుకొందురు. అయినను ‘రాను’ అనవలసినపుడు వారికి చిక్కులేదు. క్రియకు ముందు ‘నొన్’ అను మాట చేర్చిన చాలును. ‘నొన్ వెంగొ’ అనఁగా నేను రాను.

ఇఁక మన ‘వచ్చు’ క్రియను పరీక్షింతము. మన సీమకు వానకంటె ప్రియమైన కర్త వేఱొకటి లేదు గనుక వాననే కర్తగా నిలుపుదము. వాన వచ్చుచున్నది, ఇది వర్తమానము. వాన వచ్చెను, భూతము. వాన వచ్చెడిని, భవిష్యత్తు. ఆర్ద్రకార్తెలో వాన వచ్చును, ఇది స్వభావమును తెలుపు తద్ధర్మము. వాన వచ్చుఁగాక, ఆశీస్సు. వచ్చినచో విత్తుదము, ఇది చేదర్థకము. వచ్చి వెలిసెను, ఇది క్త్వార్థకము. ఈ పేర్లన్నియు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణము చదివినవారికి పరిచితములే.

ఇంతవఱకు ‘వచ్చు’ తన మొగము దాఁచుకొనలేదు. కాని పిలువవలసి వచ్చినపుడు చూడుఁడు: రమ్ము, రండు. వలదనవలసినపుడు: రాకుము, రాకుఁడు. లేదనవలసినపుడు: రాను, రావు, రాఁడు, రాదు, రాము, రారు. అవసరమును తెలుపునపుడు: రావలెను. ఇటలీవారు ‘కాదు’ అను భావమును క్రియకు వెలుపల నిలిపిరి. మనము దానిని క్రియ కడుపులోనే పెట్టుకొంటిమి. ‘వచ్చు’లోని వకారముగాని చకారముగాని ఈ రూపములలో ఒక్కటియు కానరాదు. ‘తెచ్చు’నకు తెమ్ము, తేఁడు అనియు, ‘ఇచ్చు’నకు ఇమ్ము, ఈయఁడు అనియు వచ్చు రూపములు దీనికి దాయాదులు, కాని వానియందు మొదటి అక్షరము పోలికయైన మిగిలినది. ‘వచ్చు’నందు అదియు మిగులలేదు.

రెండు వేర్వేఱు క్రియలు ఒకయింట కాఁపురము చేయుచున్నవా యని సందేహము కలుగును. ఇటాలియనులో పోవుట యను నర్థము గల ‘అందారె’ విషయమున నిజముగా నట్లే జరిగినది. ‘నేను పోవుచున్నాను’ అనుటకు ‘వాదొ’ అనియు, ‘మేము పోవుచున్నాము’ అనుటకు ‘అందియామొ’ అనియు రెండు మూలములు కలిసిపోయినవి. మన ‘వచ్చు’ అట్టిది కాదు. అఱవమున వా, వరు. కన్నడమున బా, బరు. ఈ రూపముల వరుసలోనిదే మన ‘రా’ యును. పూర్వము ‘వర’ అని యుండినది అచ్చు స్థానము మాఱి ‘వ్రా’ యై, పిదప వకారము జాఱి ‘రా’ యైనది. అఱవమున ‘వరై’ అనునది మన కావ్యములలో ‘వ్రాయు’ అయి, వాడుకలో ‘రాయు’ అయినట్లే ఇదియును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుఁగు ధాతువులపైఁ బ్రకటించిన గ్రంథమువంటి పరిశోధనములవలన ఇట్టి మార్పుల క్రమము మనకు విశదమైనది. కాఁబట్టి ‘వచ్చు’, ‘రా’ అనునవి ఒక తల్లి బిడ్డలే. ఒకతె పుట్టినింటి పోలిక కొంత నిలుపుకొన్నది. ఒకతె పూర్తిగా మాఱిపోయినది.

ఈ క్రియలో మఱియొక చిత్రము కలదు. ‘రాక’ అనిన వచ్చుట. ‘రాక’ అనినను వచ్చుట లేకుండుట. ‘అల్లుని రాక’ అనినపుడు పండుగ. ‘అల్లుఁడు రాక’ అనినపుడు దిగులు. ఇచ్చట విభక్తి మనలను కాపాడుచున్నది. కాని ‘వాన రాక’ అనునప్పుడు ఆ యాధారమును లేదు. ‘వాన రాక చూచి రైతు మురిసెను’, ‘వాన రాక పైరు ఎండెను’. రెండింటను అవే యక్షరములు. తరువాత వచ్చు మాట వినువఱకు మేలో కీడో తెలియదు. కడప కర్నూలు సీమలలో మేఘమువంక చూచుచు బ్రదుకువారి జీవితమంతయు ఈ రెండు ‘రాక’ల నడుమనే గడచుచున్నది.

మనుష్యుల విషయమును ఇట్టిదే. రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండి ఎందఱో, స్త్రీలు సహితము, జీవనమునకై కువైటునకుఁ బోయి పరుల యిండ్లలో పనిచేయుచున్నారు. ఇల్లు విడుచువారు మన యాచారమునఁ ‘బోవుచున్నాను’ అనరు. ‘పోయివత్తును’ అనియే యందురు. పోవు క్రియను ఒంటరిగా విడువక దాని చేతికి వచ్చు క్రియను తోడిచ్చి పంపుట మన పెద్దల యెఱుక. ఇంటనున్న తల్లికి ‘వచ్చెదను’ అను మాట ఒక్కటే వ్రతము. ‘రాలేదు’ అనినను ఆమె యోర్చుకొనును, అది గడచినదానిని మాత్రమే తెలుపును గనుక. ‘రాదు’ అనిన నోర్వలేదు, అది రేపటిని గూడ మూసివేయును గనుక. కూఁతురు ఇంకను రాలేదని చెప్పుటకు ‘రాదు’ అన్న మాట వాడినవారు వ్యాకరణమునే కాదు, ఒక హృదయమును గూడ తప్పుగా త్రొక్కినవారగుదురు.

ఇఁక మన పిల్లల మాట. మన సీమలో ‘వచ్చినాఁడు’ అందుము. కోస్తావారు ‘వచ్చాడు’ అందురు. ‘వస్తున్నాడు’ అనుటకు మనవారు ‘వస్తాండాడు’ అందురు. ఇట్లు పలికినందుకు ఒక పాఠశాలలో ఒక బాలికను తోడిపిల్లల యెదుట నవ్వులపాలు చేసిరని విని మిక్కిలి నొచ్చుకొంటిని. ‘వచ్చినాఁడు’ అను రూపము ప్రాచీన గ్రంథములయందున్నదే. ‘వచ్చాడు’ అనునది దానికంటె నవీనమైనది. నవీనమగుట దోషము కాదు, ప్రాచీనమగుటయు దోషము కాదు. ఎఱ్ఱగుంట్ల చేరువనున్న కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోళుఁడు ధనంజయుఁడు వేయించిన శాసనమును తెలుఁగున మొదటిదిగా పండితులు పేర్కొనుచున్నారు. 1820లో కడపకు ఉద్యోగమునకై వచ్చిన సి.పి. బ్రౌనుదొర ఇచ్చటివారి నోట తెలుఁగు విని, గ్రంథములు సేకరించి, 1840లో వ్యాకరణమును, 1852లో నిఘంటువును ప్రకటించెను. పరదేశీయుఁడు శ్రద్ధగా విన్న పలుకును మన పిల్లలు సిగ్గుతో మింగవలసినది కాదు. పరీక్షకు వ్రాయు భాష వేఱు, ఇంట పలుకు భాష వేఱు అని నేర్పుఁడు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని నేర్పకుఁడు.

చిట్టచివరకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ‘వచ్చు’ క్రియ మఱియొక క్రియ వెనుక నిలిచినపుడు అనుమతిగా మాఱును: చేయవచ్చును, పోవచ్చును. ‘రాదు’ నిలిచినపుడు నిషేధమగును: చేయరాదు, పోరాదు. పైని నేను ‘తలఁపరాదు’ అన్నది ఇట్టిదే. అదే క్రియ సామర్థ్యమును గూడ తెలుపును. ‘పిల్లకు చదువ వచ్చును’ అనిన ఆమెకు చదువుట తెలియును. ‘పిల్ల చదువవచ్చును’ అనిన ఆమెకు అనుజ్ఞ కలదు. ‘పిల్లకు చదువ రాదు’ అనిన ఆమెకు తెలియదు; ‘పిల్ల చదువరాదు’ అనిన ఆమెను వలదనిరి. నడుమ నున్నది ఒక్క ‘కు’ ప్రత్యయమే. మన పూర్వికురాండ్రలో ఎందఱు ‘నాకు చదువ రాదు’ అని తలవంచుకొనిరో తలఁపుఁడు. అది వారి లోపమా? ముందు ఎవ్వరో ‘ఆడుది చదువరాదు’ అనిరి. ఆ మాట తరువాత ‘ఆమెకు చదువ రాదు’ అయి కూర్చున్నది. నిషేధమే అశక్తతగా వేషము మార్చుకొన్నది.

అయినను ఈ సీమయే తాళ్లపాక తిమ్మక్కను కన్నది. అన్నమాచార్యుని భార్యయైన ఆమె సుభద్రాకల్యాణము రచించి తెలుఁగున తొలి కవయిత్రిగా ప్రసిద్ధి గాంచినది. చదువ వచ్చినది గనుకనే వ్రాయనును వచ్చినది. నేఁడు 6 మొదలు 14 ఏండ్లవఱకు గల బాలబాలికల కందఱకు ఉచిత నిర్బంధవిద్య నిచ్చు చట్టము 2009లో పుట్టి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ‘చదువరాదు’ అని బహిరంగముగా పలుకువారు తగ్గిరి. కాని పదునాలుగేండ్లు దాఁటఁగానే ‘ఇఁక చాలును’, ‘దూరము పోరాదు’, ‘సంబంధము వచ్చినది’ అను మాటలు ఇండ్లలో ఇంకను వినవచ్చుచునే యున్నవి. ఆ మాటలలో పాత ‘రాదు’ దాఁగియున్నదని గుర్తింపుఁడు.

ఈ మాసము మీ బిడ్డలచేత ‘వచ్చు’ క్రియను ఒక కాగితముపై నిలువుగా వ్రాయింపుఁడు. ఒక వైపు వచ్చును, వచ్చెను, వచ్చినచో. ఒక వైపు రమ్ము, రాదు, రాక, రావలెను. పిదప ఇంటివారి పేర్లను కర్తలుగా చేర్చి చదివింపుఁడు. ఇంటి యాడుపిల్ల పేరు వచ్చినపుడు రెండు వైపులలో ఏది వ్రాయవలెనో బిడ్డలకు విడువక మీరే నిర్ణయింపుఁడు.