బెజ్జం పెంచకండి, పిడి నెమ్మదిగా తిప్పండి

సూదిబెజ్జం కెమెరా మీకు కొత్తది కాదు. అట్టపెట్టె, నూనె రాసిన కాగితం, దాని మీద తలకిందులుగా చెట్టు. మీలో చాలామంది చేసే ఉంటారు. అదే బెజ్జంతో సినిమా కూడా తీయవచ్చు. చేతిపిడితో నడిచే పాత 16 మిల్లీమీటర్ల కెమెరాకు కటకం తీసేసి, ఆ చోట సన్నని బెజ్జం పొడిచిన పలుచని రేకు బిగించాలి. అయితే లెక్క వేయకుండా తీస్తే ఫిల్ము మీద ఏ బొమ్మా పడదు. ఫిల్ము చవకైన వస్తువు కాదు గదా!

బెజ్జానికీ ఫిల్ముకూ మధ్య దూరం 20 మి.మీ. అనుకుందాం. దానికి తగిన బెజ్జం వ్యాసం సుమారు 0.2 మి.మీ. (ఇంకా సన్నమైతే వివర్తనం వల్ల బొమ్మ మళ్లీ మసకబారుతుంది. లార్డ్ రేలీ 1891లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశారు.) 20ని 0.2తో భాగిస్తే 100. ఇది మన ఎఫ్-సంఖ్య. ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం ప్రకారం మంచి ఎండలో ఎఫ్-సంఖ్య 16 ఉంటే, వేగం 200 గల ఫిల్ముకు సెకనులో 200వ వంతు చాలు. ఫిల్ము మీద పడే కాంతి ఎఫ్-సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 100ని 16తో భాగించి వర్గం చేయండి. 39 వస్తుంది. కాబట్టి మనకు 39/200, దాదాపు సెకనులో అయిదో వంతు కావాలి. సెకనుకు 24 బొమ్మలు తీస్తూ, షట్టర్ సగం కాలమే తెరిచి ఉంటే, ఒక్కో బొమ్మకు దక్కేది సెకనులో 48వ వంతే. కావలసిన దానిలో పదో వంతు!

"అయితే బెజ్జం పెద్దది చేస్తే సరి" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. పది రెట్ల వెలుతురుకు వ్యాసం 3.2 రెట్లు పెరగాలి, అంటే 0.6 మి.మీ. పైనే. ఫిల్ము మీద బొమ్మ వెడల్పు 10 మి.మీ. మాత్రమే. అడ్డంగా పదహారు చుక్కలు పడతాయి. పదహారు చుక్కలతో మీ స్నేహితుడి ముఖం గీసి చూడండి! 0.2 మి.మీ. బెజ్జంతో యాభై చుక్కలు పడతాయి. అదీ గొప్పేమీ కాదు గానీ, చెట్టు చెట్టులా ఉంటుంది.

అందుకే పిడిని నెమ్మదిగా తిప్పమంటాను. సెకనుకు 2 బొమ్మలు తీస్తే ఒక్కోదానికి పావు సెకను దొరుకుతుంది. ఎండలో అది చాలు. "అది సినిమా ఎలా అవుతుంది?" అని అడగవచ్చు. సెకనుకు 16 బొమ్మల చొప్పున చూపితే మబ్బులు ఎనిమిది రెట్లు వేగంగా పరుగెడతాయి. నడిచే మనుషులు చెరిగిపోతారు, వాళ్లను వదిలేయండి. మబ్బులు, నీడలు, ఆరేసిన బట్టలు తీయండి. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో బఠానీ మొక్క ఎదుగుదలను చిత్రించింది రోజుల తరబడి ఒక్కొక్క బొమ్మే తీసి!

ఫోనులో కాంతిని కొలిచే యాప్‌లు ఉన్నాయి, వాడుకోండి. అది 100 దాకా చూపకపోతే, 16కు చూపిన కాలాన్ని 39తో గుణించండి.

పిడి ఒక చుట్టుకు ఎన్ని బొమ్మలు కదులుతాయో ముందుగా ఖాళీ కెమెరాతో లెక్కపెట్టుకోండి. వంద అడుగుల చుట్టలో 4000 బొమ్మలుంటాయి. సెకనుకు 2 చొప్పున అరగంటకు పైగా తిప్పాలి. చెయ్యి మార్చుకోవడానికి మరొకరిని తోడు పెట్టుకోండి.