కలకత్తా పేరుతో కాశీ

బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ భద్రపరిచిన మూకీల్లో 1899 నాటి చిన్న రీలు ఒకటుంది. గంగలో సాగే పడవ మీద నుంచి తీశారు. ఒడ్డు పొడవునా మెట్లు, గుళ్లు, స్నానాలు చేసే జనం. మన దేశంలో తీసిన చిత్రాల్లో నేటికీ మిగిలిన అతి పాతవాటిలో ఇదొకటి. పేరు ‘పనోరమా ఆఫ్ కలకత్తా’. తెర మీద కనిపించేది మాత్రం కాశీ!

ఒక్కసారి కాశీయాత్ర చేసివచ్చిన వారెవరైనా ఆ ఘాట్లను ఇట్టే గుర్తుపడతారు. పాత రీళ్లు సేకరించేవారికి ఇలాంటి యాత్రాచిత్రాల మీద అంత మక్కువ ఎందుకంటే, అక్కడ ఊరినీ కాలాన్నీ గుర్తుపట్టే పని వాళ్లకు మిగిలి ఉంటుంది. కథాచిత్రంలో ప్రతి వస్తువూ ఎవరో అమర్చిందే. యాత్రాచిత్రంలో కెమెరామన్ పట్టించుకోని దుకాణం బోర్డులు, గోడ నీడలు, బండి చక్రాలు కూడా వచ్చి చేరతాయి. అసలు సంగతి చెప్పేవి చాలాసార్లు అవే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మైల్స్ సోదరులు కేబుల్ కారు ముందు కెమెరా బిగించి, మార్కెట్ స్ట్రీట్ మీదుగా ఫెర్రీ బిల్డింగ్ దాకా తీసిన చిత్రం ఉంది. నిడివి సుమారు 13 నిమిషాలు. చాలాకాలం దాన్ని 1905 నాటిదిగానే లెక్కగట్టారు. చరిత్రకారుడు డేవిడ్ కీన్‌కు వీధిలోని నీటి మడుగులు చూసి అనుమానం వచ్చింది. నాటి పత్రికల్లో వానల వార్తలు వెదికాడు, మోటారు కార్ల నంబరు పలకలను రిజిస్ట్రేషన్ రికార్డులతో సరిచూశాడు. అది 1906 ఏప్రిల్ 18 నాటి భూకంపానికి కొద్దిముందు తీసిన చిత్రమని తేలింది. భూకంపం వెంట రేగిన మంటల్లో మైల్స్ సోదరుల స్టూడియో కాలిపోయింది. నెగటివ్ అప్పటికే న్యూయార్క్ చేరే దారిలో పడింది కాబట్టి దక్కింది. భూకంపం సంగతి తెలిశాక, ఆ చిత్రంలో కెమెరా ముందు పరుగెత్తే కుర్రాళ్లను మునుపటిలా చూడలేం.

ఆ రోజుల్లో యాత్రాచిత్రాలు ప్రదర్శనలో ఖాళీ నింపే సరుకు. ఆడాక పారేసేవారు. ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిల్మ్ కావడంతో దాచడమూ ప్రమాదమే. నెదర్లాండ్స్ పంపిణీదారు జాన్ డెస్మెట్ పారేయలేదు. దాదాపు 900 చిత్రాలున్న ఆయన సేకరణను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇలా దక్కిన పాత చిత్రాలను గుర్తుపట్టేందుకు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో ‘మోస్ట్లీ లాస్ట్’ అనే వర్క్‌షాప్ మొదలుపెట్టింది. పేరూ ఊరూ తెలియని మూకీలను తెర మీద వేసేవారు. చూసేవాళ్లు కారు మోడలో, నటుడి పేరో, వీధి పేరో గట్టిగా చెప్పేవారు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కూడా ఇలాంటిది మన ఊళ్లలో నడపాలి. పాత రేవులు, బజార్లు, రైలు స్టేషన్లు ఎరిగిన పెద్దవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలి.