కళాశాల మారు విద్యార్థి క్రెడిట్లు

తండ్రి యుద్యోగపు బదిలీవలననో, కౌలు గిట్టక కుటుంబము ఊరు విడిచినందుననో, పెండ్లి యైనందుననో డిగ్రీ చదువు నడుమ కళాశాల మారవలసివచ్చు విద్యార్థులు కృష్ణా డెల్టాలో నున్నారు. వారు మొదట నడుగు ప్రశ్న యొక్కటే: ఇంతవఱకు సంపాదించిన క్రెడిట్లలో నెన్ని చెల్లును? చేరిన పిమ్మట చూతమని బదులు వచ్చును. చేరిన పిమ్మట చూచుట కేమున్నది? టి.సి. చేత బట్టుకొని వచ్చినవాడు వెనుకకు పోగలడా?

2021 జూలైలో యు.జి.సి. వారు క్రెడిట్ల బ్యాంకు నిబంధనలను ప్రకటించిరి. 15 గంటల బోధన కొక క్రెడిట్టు. మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. జమ యైనవి గరిష్ఠముగా ఏడేండ్లు నిలుచును. ఇది చూచి, జమ యైనదెల్ల చెల్లుబాటగునని మనవారు తలంచుచున్నారు. జమ వేఱు, చెల్లుబాటు వేఱు. డిగ్రీ యొసగు సంస్థయందే కనీసము సగము క్రెడిట్లు సంపాదింపవలెనని యా నిబంధనలే విధించినవి. లెక్క వేసి చూడుడు. రెండేండ్లు చదివి 80 క్రెడిట్లతో వేఱొక విశ్వవిద్యాలయమునకు పోయిన విద్యార్థి అచ్చట 60 సంపాదింపక తప్పదు. పాఠ్యాంశములన్నియు సరిపోలినను పాతవానిలో 60 మాత్రమే పనికివచ్చును. తక్కిన 20, అనగా ఆరునెలల చదువును, ఆ రుసుమును నీటిపాలు.

బందరునుండి బెజవాడకు వచ్చినవాని కీ సగపాలు చిక్కు లేదు. రెండూళ్లును కృష్ణా విశ్వవిద్యాలయపు పరిధిలోనివే. ప్రకాశం బ్యారేజి దాటి గుంటూరు చేరెనా, అది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు సీమ. ఈ యెల్లలైనను శాశ్వతములా? బందరు నోబుల్ కళాశాల ఊరు కదలకయే మద్రాసు, ఆంధ్ర, నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయముల నాల్గింటి నీడను చూచినది.

సరిపోల్చుటలో మఱియొక చిక్కు గలదు. మార్కుల పత్రముపై పేపరు పేరును క్రెడిట్లును మాత్రమే యుండును. లోపలి పాఠములేవో అది చెప్పదు. పేరొక్కటే యైనను పాఠములు వేఱైనచో త్రోసివేయవచ్చును. ప్రధాన విషయపు పేపర్లకే యీ గండ మెక్కువ. కావున విద్యార్థులు ప్రతి సెమిస్టరు పాఠ్యప్రణాళికను కళాశాల ముద్రతో దాచుకొనవలెనని మా సలహా. పాతసామాను క్రింద పారవేయ దగినవి కావవి.

1910లో బందరున జాతీయ కళాశాల వెలసినప్పుడును, 1921లో విద్యార్థులు సర్కారు కళాశాలలను బహిష్కరించినప్పుడును, ఆ యువకులు సర్కారు పట్టములపై ఆశ వదలుకొనియే అడుగు వేసిరి. ఎఱిగి చేసినది త్యాగము. నేటి విద్యార్థి పోగొట్టుకొనునది ఎఱుగక పోగొట్టుకొనుచున్నాడు. దీనికి త్యాగమని పేరు పెట్టుటకు మాకు నోరు రాదు.

మేము కోరునది స్వల్పము. చేర్చుకొను కళాశాల, టి.సి. పుచ్చుకొనుటకు ముందే, ఏ పేపరు చెల్లునో, ఏది చెల్లదో, ఎందుచేత చెల్లదో వ్రాతమూలకముగా పదునైదు దినములలో తెలుపవలెను. ఆ వ్రాతకు తానే కట్టుబడవలెను. గుమాస్తా నోటిమాటను పిమ్మట ఋజువు చేయుట కష్టము. కృష్ణా, నాగార్జున విశ్వవిద్యాలయములవారు రాబోవు ప్రవేశములకు పూర్వమే ఈ మేరకు ఉత్తరువు లీయవలెను.