చౌడుకు మందు విత్తనం ఒక్కటే కాదు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో చౌడు పట్టిన కయ్యను చూపించి "దీనికి తగ్గ విత్తనం వస్తే చాలు" అనే మాట వింటున్నాము. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం దాచిపెడితే నష్టపోయేది కౌలురైతులూ, వ్యవసాయ కూలీలే. కయ్య బీడు పడితే రైతుకు పంట పోతుంది. నాట్లకూ, కలుపుకూ, కోతకూ పోయే ఆడకూలీలకు పనిదినాలే పోతాయి.

ముందు విజ్ఞానశాస్త్రం చెప్పేదేమిటో చూద్దాం. ఉప్పులోని సోడియం వేరులోకి చొరబడగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. మొక్కకు అదే ప్రమాద సూచన. ఆ సూచనను అందుకున్న ప్రోటీను మరో ప్రోటీనును లేపుతుంది; రెండూ కలిసి సోడియాన్ని బయటకు తోడే పంపును నడిపిస్తాయి. ఈ మూడింటినీ తయారుచేయించే జన్యువులకు ఎస్.ఓ.ఎస్. జన్యువులని పేరు. ఆవాల కుటుంబానికి చెందిన ఓ చిన్న కలుపుమొక్కలో వీటిని కనుగొన్నారు. కాల్షియం సూచనను అందుకునే జన్యువు 1998లో బయటపడింది. వరిలో సోడియం ఆకుల దాకా ఎక్కకుండా అడ్డుకునే జన్యువు 2005లో దొరికింది.

అది దొరికింది నోనా బొక్రా అనే మన దేశపు నాటు వరిలో. కేరళ తీరంలో ఉప్పునీటి పొలాల్లో పండే పొక్కాలి వరి కూడా అలాంటిదే. ఇవి రైతులు తరతరాలుగా ఏరి దాచిన విత్తనాలు. వీటిమీద ఏ కంపెనీకీ గుత్తాధిపత్యం ఉండరాదు. విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును 2001 చట్టం రైతుకు ఇచ్చింది. దాన్ని జారిపోనివ్వరాదు.

అయితే చుట్టూ ఉప్పు పెరుగుతూ పోతే మొక్కలోని పంపు ఎంతకాలమని తోడుతుంది? పాలచౌడుకు మంచినీళ్లు పెట్టి, ఉప్పు కడిగి, మురుగుకాల్వలోకి వదలాలి. కారుచౌడుకు మట్టి పరీక్ష చేయించి జిప్సం వెయ్యాలి. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని నెట్టేస్తుంది. తర్వాత నీళ్లు పెట్టి దాన్ని బయటికి పంపాలి. మురుగుకాల్వ పూడిపోయి ఉంటే ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? మళ్లీ అదే కయ్యలో తేలుతుంది. బుడ్డల సంగతీ చూడండి. ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వెయ్యమంటారు. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు, కాయే నేరుగా మట్టిలోంచి తీసుకుంటుంది. మట్టిలో లేనిదాన్ని ఏ జన్యువూ పుట్టించలేదు.

మరి ఈ ఖర్చు ఎవరు పెట్టాలి? ఏడాది కౌలుకు చేసేవాడు అప్పు తెచ్చి నేల బాగుచేస్తే, మరుసటేడు కౌలు పెంచేదీ, పొలం విడిపించుకునేదీ యజమానే. 2019 చట్టం కౌలుకార్డుకు ఆ యజమాని సంతకమే అడిగింది. సంతకం పడకపోతే దున్నేవాడు కాగితం మీద రైతే కాడు!

నంద్యాలలో 1906 నుంచీ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అక్కడి పరిజ్ఞానం చౌడు కయ్య దాకా నడిచి రావాలి. చౌడును తట్టుకునే విత్తనం ప్రభుత్వ సంస్థల నుంచే చవకగా అందాలి. యజమాని సంతకంతో పనిలేకుండా కౌలురైతుకు జిప్సం ఇవ్వాలి. కె.సి. కాల్వ కింద మురుగుకాల్వలూ, కుందూలో కలిసే వంకలూ పూడిక తీయించాలి. ఆ పని కాంట్రాక్టర్ల యంత్రాలకు కాక కూలీల చేతులకు, న్యాయమైన కూలితో ఇవ్వాలి. ఈ కోర్కెలపై ప్రతి గ్రామసభలోనూ రైతులు, కూలీలు ఒక్కటిగా నిలిచి అడగాలని కోరుతున్నాము.