పోర్టల్ ముందా, పరిశోధన ముందా?

సూర్యాపేట జిల్లా పాలకీడులో సాగర్ ఎడమ కాల్వ కింద కౌలుకు వరి వేసే రైతును తెలంగాణ ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణి గుర్తించలేదు. 2020 అక్టోబరు 29న వచ్చిన ఆ పోర్టల్‌లో, పహాణీలో సాగుచేసేవారి పేరు రాసే అనుభవదారు గడికి చోటు లేకపోయింది. పట్టా ఎవరిదో తేలితే చాలు, దున్నేదెవరైతేనేం అనుకున్నారు. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, చెప్పినట్టే చేసింది. చెప్పినవాళ్లే కౌలును లెక్కలోకి తీసుకోలేదు.

అదే ఏడాది వచ్చిన కొత్త భూహక్కుల చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది, అప్పీలుకు చోటివ్వలేదు. విస్తీర్ణం తప్పు పడినా, భూమి నిషేధిత జాబితాలో చేరినా రైతు కలెక్టరేట్ చుట్టూ, ఆపైన సివిల్ కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. తప్పు పడితే దిద్దేదెవరని కొత్తగా నల్లకోటు వేసుకున్న లాయరైనా అడిగి ఉండేవాడు. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం అప్పీలును మళ్లీ తెచ్చేసరికి 2025 వచ్చింది.

ఇలాంటి లోపాలు బయటపడేలా అమలుకు ముందే పరీక్షించడం మనకు తెలియని విద్య కాదు. ఉపాధి కూలి, పింఛన్ల స్మార్ట్‌కార్డులను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో మరిన్ని జిల్లాలకు తెచ్చినప్పుడు, ఏ మండలంలో ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చారు. నల్లగొండ సహా 8 జిల్లాల్లో 157 మండలాలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ముందు ఇచ్చిన మండలాలనూ తర్వాత ఇచ్చినవాటినీ పోల్చి చూశారు. కూలి త్వరగా అందిందని, దారిలో జారిపోయే సొమ్ము తగ్గిందని తేలింది. అక్కడ పని మొదలుకాకముందే ప్రభుత్వం వాళ్లను లోపలికి రానిచ్చింది కాబట్టే అది సాధ్యమైంది. అయితే ముగ్గురూ ఆర్థికవేత్తలే. భూమి తగాదాకు ఆ ఒక్క శాస్త్రం చాలదు.

భూభారతికి మాత్రం 2025 ఏప్రిల్‌లో నాలుగు మండలాల్లో పైలట్ అన్నారు, జూన్ 3కల్లా రాష్ట్రమంతా రెవెన్యూ సదస్సులు పెట్టారు. అర్జీలు తీసుకోవడం మంచిదే, దాన్ని పరిశోధన అనలేం.

ఒక్కో భూమికి ఒక్కో గుర్తింపుగా భూధార్ నంబర్లు ఊరూరా ఇచ్చేలోపు ప్రభుత్వం అలాంటి పరిశోధన చేయించి తీరాలి. నల్సార్, ట్రిపుల్ ఐటీ, ఉస్మానియా, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల నుంచి న్యాయ, కంప్యూటర్, సామాజిక శాస్త్రాల వాళ్లను, వాళ్లతో సమానంగా సర్వేయర్‌ను, తహసీల్దార్‌ను, మీసేవ నడిపేవారిని, కౌలురైతును ఒక్క బృందంగా కూర్చోబెట్టాలి. ఏం పరిశీలించాలో హైదరాబాద్‌లో రాసి పంపకూడదు, రిజిస్ట్రేషన్ లేకుండా రాసుకున్న సాదాబైనామా కాగితం పట్టుకుని తిరిగే రైతు చెప్పాలి. వానాకాలం, యాసంగి రెండూ గడిచేదాకా బృందం ఊళ్లోనే పనిచేయాలి. నివేదిక మంత్రికి, ప్రజలకు ఒకేరోజు అందాలి. లోపం బయటపడితే అమలును ఆపించే అధికారం బృందానికి జీవోలోనే ఇవ్వాలి. అది లేకపోతే ఆ నివేదిక బీరువాకే. మొదటి మండలంగా పాలకీడును తీసుకోవాలి.