ఉమ్మడి కప్పు

అమెరికాలో కాండోమినియం అను గృహపద్ధతి యొకటి కలదు. గోడల నడుమనున్న ఇల్లు కొన్నవానిది. కప్పు, మెట్లు, పునాది, వెలుపలి గోడలు అందరివి. వాని పోషణభారము యజమానుల సంఘమునది. తన గదులకు రంగు వేయించుటకు వెనుదీయనివాడే ఉమ్మడి కప్పునకు చందా యనగానే మరుసటి యేటికి వాయిదా కోరుట ఈ సంఘముల చిరకాలవ్యాధి.

ఆ వ్యాధి తీవ్రత 2021లో ఫ్లారిడా రాష్ట్రమున బయటపడినది. సర్ఫ్‌సైడ్ పట్టణమున 1981లో కట్టిన పండ్రెండంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ జూన్ 24 రాత్రివేళ కూలి 98 మంది మరణించిరి. ఈతకొలను చుట్టునున్న కాంక్రీటు పలక దిగువ తీవ్రమైన దెబ్బలున్నవని 2018లోనే ఇంజనీరు నివేదిక యిచ్చెను. ఆ పలకను మొదటనే తగిన బలము లేకుండ రూపొందించిరని దర్యాప్తుదారులు తరువాత కనుగొనిరి. సంఘము కోటి యేబది లక్షల డాలర్ల మరమ్మతునకు సమ్మతించుసరికి 2021 ఏప్రిల్ వచ్చెను. ఒక్కొక్క యింటి వంతు సుమారు 80,000 డాలర్లు మొదలు 3,00,000కు పైబడెను. చెల్లింపులు జులై 1న మొదలు కావలసియుండ, అంతకుముందే భవనము కూలెను.

136 ఇండ్లున్నచోట భారమింతయైనచో చిన్న సంఘముల మాట చెప్పనక్కరలేదు. ఆరిండ్ల భవనమున కప్పు మార్చుటకు 36,000 డాలర్లు కావలెననుకొన్నచో, ఇరువదియేండ్లు ముందునుండి కూడబెట్టినయెడల ఇంటికి నెలకు 25 డాలర్లు చాలును. కూడబెట్టనియెడల ఒక్కమారుగా 6,000 చెల్లింపవలెను. పింఛనుతో బ్రతుకు వృద్ధురాలికి మొదటిది సాధ్యము, రెండవది అప్పు. ఆరుగురిలో ముగ్గురు వలదన్నచో తీర్మానమే నిలిచిపోవును. నిత్యము మెట్లపై ఎదురుపడువారు గనుక నిక్కచ్చిగా పలుకుటకు అందరును జంకుదురు.

ఫ్లారిడా 2022లో శాసనము మార్చెను. మూడంతస్తులు, ఆపైన గల కాండో భవనములకు ముప్పదియేండ్లు నిండుసరికి నిర్మాణపరీక్ష తప్పనిసరియైనది. కప్పు మొదలగు ముఖ్యాంగములకు నిధి కూడబెట్టుటను ఓటుతో మానుకొను వెసులుబాటు 2024 చివరినుండి చాలవరకు తొలగెను. చందాలు పెరిగి వృద్ధులు ఇబ్బందిపడగా, అప్పు తెచ్చియైనను నిధి నింపుకొనుటకు 2025లో సంఘములకు అవకాశమిచ్చిరి. అనేక సంవత్సరముల బాకీని కొలదికాలములో తీర్చవలసివచ్చుటయే ఆ యిబ్బందికి మూలము.

హైదరాబాదు, విజయవాడలలోని చిన్న అపార్టుమెంట్లకును ఇది పరాయి విషయము కాదు. ఉమ్మడి ప్రదేశములలో ప్రతి యజమానికిని అవిభక్త వాటా కలదని ఇచ్చటి 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము చెప్పుచున్నది. ఏ మరమ్మతును ఓటు లేకుండ కార్యవర్గము చేయింపవచ్చును, దేనికి సభ సమ్మతి వలయును, ఎవరి వంతెంత అనువానిని గోడ బాగున్న దినములలోనే వ్రాసికొనవలెను. పగులు కనబడిన పిమ్మట జరుగు సభలో భయము అందరికిని ఉండును. ధనము కొందరియొద్దనే ఉండును.